పిడికెడు బియ్యంలో ఫైవ్ ఎంఎం జీవరాజు

"అరకిలో అండీ, అరకిలో! నిన్న మోండా మార్కెట్‌ల కొన్న చింతపండు, గింజ తీసింది. తెల్లారేసరికి బకెట్ల పిప్పి మిగిలింది. ఇంట్ల ఏనుగుకేమన్న పులుసు పెట్టిండ్రా?"

"ఏనుగెందుకొస్తది మధ్యల? ఇత్తడికి చింతపండు పెట్టక సెంటు పూస్తరా? మీ అమ్మ ఇచ్చిన బిందెకు నువ్వు పెట్టవా?"

"బిందెల నీళ్ళు పట్టుకుంటం. మీ వాటిల ఏం పట్టుకుంటం?"

మేబెల్‌కూ ఆమె మొగుడు జీవరాజుకూ మధ్య ఈ వాదన మొదలై అప్పటికి అరగంట దాటింది. కొడుకు ఆషర్ రొట్టె తింటున్నాడు, కూతురు హదస్సా జడ వేసుకుంటోంది. బోయిగూడలో రైలు కూతకు ఎవరూ ఉలిక్కిపడనట్టే, ఆ ఇంట్లో ఇత్తడి గొడవకు ఎవరూ తలెత్తరు. కానీ ఆ శనివారం మేబెల్‌కు చింతపండు నిజంగానే కావాలి. మర్నాడు చర్చిలో మూడు వందల మందికి ప్రేమవిందు. పప్పుచారు ఆమె బాధ్యత.

పప్పుచారే కాదు, ఆ విందు మొత్తం ఆమె బాధ్యతే. పదకొండేళ్ళుగా ప్రేమవిందు వంట క్యాటరింగ్‌వాళ్ళది. వాళ్ళను తెచ్చేది కమిటీ సెక్రటరీ దేవానందం. ఆ అన్నం సువార్త కంటే ముందే చల్లబడేది, సాంబారులో ముక్క దొరికినవాడు సాక్ష్యం చెప్పుకునేవాడు. స్త్రీల సమాజం సెక్రటరీగా మేబెల్ ఏడాదిన్నర పాటు పాస్టరుగారి చుట్టూ తిరిగి, ఈ ఒక్కసారికి ఆడవాళ్ళే వండేందుకు ఒప్పించింది. దేవానందం చిరునవ్వుతో ఒప్పుకున్నాడు. "చెయ్యండమ్మా, సంతోషం. కానీ చిన్న లొల్లి అయినా సరే, వచ్చేసారి నుంచి మళ్ళ క్యాటరింగే" అన్నాడు. ఆ చిరునవ్వు చూసినప్పటి నుంచి మేబెల్‌కు సరిగా నిద్ర లేదు.

ఇక జీవరాజు సంగతి. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు బోగీ తలుపుల గడియలు గీసి రిటైరైన మనిషి. పట్టాల మీద ఆ గడియలు ఎలా పనిచేశాయో ప్రయాణికులకే తెలియాలి. మిలిటరీలో పనిచేసిన తండ్రి ఒక పాయింట్ టూ టూ పిస్తోలు వదిలి వెళ్ళాడు. లైసెన్సు కొడుకు పేరు మీదికి మారింది. జీవరాజు దాన్ని ఏడాదికి రెండుసార్లు రైఫిల్ క్లబ్బుకు తీసుకెళ్ళి కాల్చేవాడు. గురికాగితానికి బొక్క పడింది తక్కువ, వెనకాల మట్టి లేచింది ఎక్కువ. ఇంకొకరైతే తన చెయ్యి వణుకుతోందేమోనని అనుమానపడేవారు. జీవరాజు తూటాను అనుమానించాడు.

ఆ అనుమానంతో ఇంటర్నెట్టులో తిరుగుతుంటే అతనికి తనలాంటివాళ్ళు దొరికారు. విదేశాల్లో కొందరు ఫ్యాక్టరీ తూటాలు నచ్చక సొంతంగా కొత్తవి తయారుచేసుకుంటారు. పెద్ద తూటా తొడుగు మూతి నొక్కి, సన్నబరిచి, అందులో చిన్న గుండు బిగిస్తారు. మందు ఎక్కువ, గుండు తేలిక కాబట్టి వేగంగా పోతుంది. పిస్తోలుకూ, కార్బైన్ అనే పొట్టి తుపాకీకీ రెంటికీ పనికొచ్చేలా చిన్న సైజుల్లో చేస్తారు. వాటిని వైల్డ్‌క్యాట్ తూటాలంటారు. ఏ దుకాణంలోనూ దొరకవు. చేసినవాడు వాటికి తన పేరు పెట్టుకోవచ్చు. జీవరాజు ఇదంతా శ్రద్ధగా చదివాడు కానీ, మనసులో నాటుకున్నది ఆఖరి వాక్యం ఒక్కటే.

"అంటే బిందెకు సీసా మూతి పెడ్తరన్నమాట" అంది మేబెల్, మొదటిసారి విన్నప్పుడు.

"నీకు అర్థం కాదులే" అన్నాడు జీవరాజు. అర్థమైందని అతనికీ తెలుసు.

మూడేళ్ళలో అరవై ఒక్క డ్రాయింగులయ్యాయి. ఎండ బాగా వచ్చే ముందుగది ఆ డ్రాయింగు బల్లకు పోయింది. ఇంట్లో అసలు తూటా తయారుచేస్తే జైలేనని జీవరాజుకు తెలుసు. కాబట్టి మందు జోలికి పోకుండా, రాణీగంజ్‌లో లేత్ మిషన్ నడిపే వేణుమాధవ్ చేత ఉత్త ఇత్తడి తొడుగులు నలభై రెండు చేయించాడు. పేరు మాత్రం ముందే పెట్టేశాడు: ఫైవ్ ఎంఎం జీవరాజు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనవలసిన అవసరం కూడా కనిపించలేదు.

శుక్రవారం ఆ తొడుగులను చింతపండుతో తోమాడు. తరువాత వాటిని పొడి బియ్యంలో వేసి ఊపితే తడి పోయి తళతళలాడతాయని ఎక్కడో చదివాడు. రోజూ వండుకునే బియ్యంలో వేస్తే మేబెల్ చూస్తుంది. అప్పుడతని కన్ను స్టూలు మీది రేకు డబ్బా మీద పడింది. అది పిడికెడు బియ్యం డబ్బా. వాళ్ళ సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కోసం వేరుగా పెడుతుంది. నెల నిండాక చర్చికి ఇస్తుంది. పిడికెడు పోసేటప్పుడు తప్ప ఆ డబ్బా మూత ఇంట్లో ఎవరూ తీయరు, లోపల చెయ్యి పెట్టరు. ఇంతకంటే భద్రమైన చోటు సికింద్రాబాదులో లేదనుకున్నాడు జీవరాజు. తొడుగులన్నీ అందులో పోసి, టీవీలో చర్చ చూస్తూ అరగంట ఊపి, యథాస్థానంలో పెట్టేశాడు. ఆ డబ్బా ఎప్పుడూ ఆదివారమే చర్చికి పోతుంది. ఈసారి విందు కోసం శనివారమే పోతుందని మేబెల్ నాలుగుసార్లు చెప్పింది. ఆ నాలుగుసార్లూ అతను తొడుగు మెడ వంపు గురించి ఆలోచిస్తున్నాడు.

చింతపండు గొడవ తేలకుండానే మేబెల్ చెప్పులు వేసుకుంది. "దారిల కొంటా. ఆషర్, బండి తియ్" అంది. పదిగంటలకు జీవరాజు వంటింట్లోకి పోయి చూస్తే స్టూలుంది, డబ్బా లేదు.

"హదస్సా! ఈడ డబ్బా ఏదే?"

"మమ్మీ తీస్కపోయింది కదా డాడీ. ఏమైంది, గట్ల చెమట్లు పడ్తున్నయి?"

"ఏం లేదు. ఉక్కపోత" అన్నాడు జీవరాజు, ఒక చెప్పు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని మెట్లు దిగుతూ.

ఆటో దిగి చర్చి హాల్లోకి పరిగెత్తేసరికి జరగవలసినది జరిగిపోయింది. అరవై ఇళ్ళ డబ్బాలు టార్పాలిన్ మీద గుమ్మరించారు. నూటముప్పై కిలోల బియ్యం చిన్న గుట్టలా ఉంది. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళు చేటలు పట్టుకుని ఏరడానికి కూర్చుంటున్నారు. నిజం చెప్పడానికి జీవరాజుకు ఆ క్షణంలో రెండే మాటలు కావాలి. వాటికి బదులు అతను మూడో మాట వెతుక్కున్నాడు.

"ఆపండి! ఆ బియ్యం ముట్టకండి! పురుగు పడ్డది!"

చేటలు ఆగిపోయాయి. గుట్టకు అటువైపున్న రాహేలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవరి బియ్యంల పడ్డది అన్నా పురుగు? పేరు చెప్పు."

"అంటే... మొత్తంల."

"మొత్తంల ఎట్ల పడ్తది? ఎవరో రేషన్ బియ్యం పోసినోళ్ళున్నరు, ఆళ్ళది పడి ఉంటది" అంది ఇంకొకామె, ఎవరి వంకా చూడకుండా, అందరికీ తెలిసేలా.

"ఎవర్నమ్మా అంటున్నవు? దేవునికి సన్నబియ్యం తప్ప పోయని చెయ్యి ఇది!"

"సన్నయో దొడ్డయో ఉడికినంక తెలుస్తది తియ్."

అయిదు నిమిషాల్లో బన్సీలాల్‌పేట వైపు ఆడవాళ్ళు టార్పాలిన్‌కు ఒక పక్క, బోయిగూడ వైపువాళ్ళు ఇంకో పక్క చేరారు. పదేళ్ళుగా పక్కపక్కన నిలబడి కీర్తనలు పాడిన ఇద్దరు ఒకరికొకరు వీపులు చూపించుకున్నారు. మేబెల్ మొగుణ్ణి చూసింది. బియ్యానికీ వడ్లకూ తేడా తెలియని మనిషికి పురుగు ఎలా కనబడిందని ఆమెకు అంతుబట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో దేవానందం వచ్చాడు. మంటలార్పే బండి కూడా అంత సమయానికి రాదు. "నేను ముందే అన్న కదమ్మా. పురుగుల బియ్యం తిని ఎవరికన్న వాంతులైతే ఎవరు జవాబుదారి? పర్వాలే, నేను క్యాటరింగాయనకు ఫోన్ చేస్తా" అని ఆనందంగా జేబులో చెయ్యి పెట్టాడు.

"పురుగు లేదు, గిరుగు లేదు! ఏదీ, చూపించుమను!" అని రాహేలమ్మ పంతంగా ఒక చేటెడు బియ్యం ఎత్తి చెరిగింది. పురుగు రాలలేదు. ఠంగుమని ఇత్తడి గొట్టం ఒకటి నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి దేవానందం బూటు దగ్గర ఆగింది.

లిప్‌స్టిక్ డబ్బా అన్నారు కొందరు. కుక్కర్ విజిల్ అన్నారు ఇంకొందరు. బయట పొయ్యిరాళ్ళు పేరుస్తున్న సామ్యూల్ వచ్చి దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన మిలిటరీలో హవల్దారుగా చేసి దిగినవాడు. "తూటా తొడుగిది" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆయన గొంతు తగ్గించడం వల్లే అందరికీ వినబడింది. ఆడవాళ్ళు చేటలు వదిలి గోడలకు అంటుకుపోయారు. బియ్యం గుట్ట ఒంటరిగా మిగిలింది. క్యాటరింగాయనకు కలపబోయిన ఫోనును దేవానందం పోలీసులకు కలిపాడు. ఫోను అదే, ఉత్సాహమూ అదే.

మేబెల్ కదలలేదు. ఆ తళతళ చూడగానే ఆమెకు తన అరకిలో చింతపండు కనబడింది. పురుగు ఎవరో కూడా అర్థమైంది. మొగుడి వైపు చూస్తే, అతను పైకప్పు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

ఎస్సై విష్ణువర్ధన్ కానిస్టేబుల్ పర్వతాలుతో సహా వచ్చాడు. ముప్పై ఏళ్ళు దాటని కుర్రాడు, చూపు నిదానం. గొట్టాన్ని తిప్పి తిప్పి చూసి, అడుగు భాగం వేలితో తడిమి, నవ్వాడు.

"తూటా కాదు పెద్దాయనా ఇది. అడుగున మందు అంటించే టోపీ బిగించే చోటు లేదు. ఈ సైజు తూటా నేనెక్కడా చూడలే. కర్టెన్ రాడ్డు చివర పెట్టే బుడిపె అయి ఉంటది. ఎవరింట్లనో ఊడి బియ్యంల పడ్డది. పరేషాన్ కాకండి, వండుకోండమ్మా."

హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. మేబెల్ కళ్ళు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంది. ఎస్సై టోపీ సర్దుకుని గుమ్మం వైపు తిరిగాడు. ఇంకొక్క నిమిషం. జీవరాజు నోరు మూసుకుని ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

"కర్టెన్ రాడ్డా?" అంది వెనక నుంచి ఒక గొంతు.

"డాడీ, వద్దు" అన్నాడు ఆషర్, చొక్కా పట్టుకుని గుంజుతూ.

"నువ్వాగరా! మూడేళ్ళు! అరవై ఒక్క డ్రాయింగులు! మెడ వంపు డిగ్రీల్లో లెక్క కట్టిన! కర్టెన్ రాడ్డు బుడిపె కాదు సార్ అది. ఫైవ్ ఎంఎం జీవరాజు. సొంత డిజైన్!"

ఎస్సై నెమ్మదిగా వెనక్కి తిరిగి వచ్చి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "జీవరాజు అంటే?"

"నేనే సార్."

"ఇసొంటివి ఎన్ని చేయించిండ్రు?"

"నలభై రెండు."

"ఇదొకటి. మిగతా నలభై ఒకటి?"

జీవరాజు కళ్ళు బియ్యం గుట్ట మీదికి పోయాయి. వాటి వెంట అందరి కళ్ళూ పోయాయి. పురుగు సంగతి రాహేలమ్మకు కూడా అప్పుడే అర్థమై, "నీ పురుగు పాడుగాను!" అంది, పరిశుద్ధ స్థలమన్నది మరిచి.

"నలభై రెండూ నా ముందర పెట్టేదాక పొయ్యి వెలగొద్దు" అన్నాడు ఎస్సై. "రేపు ఎవరి పళ్ళెంలనన్న ఒకటి తేలితే నా పేరు పేపర్ల పడ్తది. ఆడోళ్ళతోని అయ్యే పని కాదిది. మొగోళ్ళు సుత కూసోండ్రి. సార్, మీరు సుత" అని దేవానందానికి ఒక చేట అందించాడు.

అలా ఆ సంఘం చరిత్రలో మొదటిసారి మగవాళ్ళు బియ్యం ఏరారు. తెల్ల ప్యాంటుతో మఠం వేసి కూర్చున్న దేవానందానికి చేట ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలియలేదు. చెరిగితే బియ్యమంతా తన ఒళ్ళోనే పడింది. "గట్ల కాదు అన్నా, మణికట్టు తిప్పాలె" అని ఇందాకటి శత్రువులిద్దరూ ఒకేసారి అని, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మధ్యాహ్నం రెండున్నరకు బల్ల మీద నలభై ఒక్క తొడుగులు వరసగా నిలబడ్డాయి. నలభై రెండోది లేదు. గుట్టంతా మళ్ళీ ఏరారు. మూడోసారి సగానికి వచ్చేసరికి, నుదుటి చెమట తుడుచుకుందామని జీవరాజు చొక్కా జేబులోంచి రుమాలు లాగాడు. రుమాలుతో పాటు నలభై రెండోది బయటికి దూకింది.

"ఇది... అన్నిటికంటె బాగొచ్చిందని... చూస్కునేందుకు పక్కకు పెట్టుకున్న" అన్నాడు.

ఏరేవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. చేటలు గోడకు చేర్చిన చప్పుడు చాలాసేపు వినబడింది.

ఎస్సై కాగితాలు తీశాడు. "పిస్తోలేడుంది?"

"మీ స్టేషన్లనే ఉంది సార్. ఎలక్షన్లప్పుడు జమ చేసిన."

"ఎలక్షన్లయి ఏడాది దాటింది కదా. తీస్కపోలేదేం?"

"పరిశోధనల పడి టైం దొరకలే సార్."

"పోనీ, ఇది ఆ పిస్తోలుల పడ్తదా?"

"పడదు సార్. దీనికి వేరే బ్యారెల్ కావాలె."

"కార్బైన్ల?"

"పడ్తది సార్. కానీ కార్బైన్ లేదు."

"మందు లేదు, టోపీకి చోటు లేదు, పట్టే తుపాకీ లేదు. మరి దీనికి ఏమున్నది?"

"పేరున్నది సార్" అన్నాడు జీవరాజు.

పర్వతాలు గోడ వైపు తిరిగి దగ్గాడు. ఎస్సై కలం మూత తీశాడు. "చూడుండ్రి. తూటాలు అని రాస్తే మిమ్మల్ని తీస్కపోవాలె. వంట సామాను అని రాస్తే ఇంటికి పోవచ్చు. ఏం రాయమంటరు?"

జీవరాజు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఒక పక్క జైలు, ఇంకో పక్క ప్రభుత్వ కాగితం మీద తన తూటాకు గుర్తింపు. ఆ రెంటి మధ్య మొగుడి ముఖం అటూ ఇటూ ఊగడం మేబెల్ కళ్ళారా చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె చూసినవాటిలో అంతకంటే భయంకరమైనది లేదు.

"వంట సామాను సార్" అంది ఆమె.

ఈలోగా పాస్టరు అయ్యగారు వచ్చారు. దేవానందం ఒళ్ళోని నూకలు దులుపుకుంటూ లేచాడు. "అయ్యగారూ, రేపటికి సరే. వండుకోనీయండి. కానీ తుపాకీ ఉన్న ఇంటి మనిషి చేతుల ప్రేమవిందు పెట్టుడు మర్యాద కాదు. తుపాకన్న ఉండాలె, సెక్రటరీ పదవన్న ఉండాలె. లేకుంటే వచ్చేసారి నుంచి నా క్యాటరింగే." తీర్పులు చెప్పడమంటే గిట్టని అయ్యగారు, "ప్రార్థన చేసుకుని రేపటికి చెప్పండమ్మా" అన్నారు.

మేబెల్ తల ఊపింది. తరువాత ఎస్సై దగ్గరకు పోయి తక్కువ గొంతుతో ఏదో అడిగింది. ఆయన జీవరాజును ఒకసారి చూసి, పర్వతాలు చేత జీపులోంచి ఇంకో కాగితం తెప్పించాడు. "మూడు కాగితాలు, మూడు సంతకాలు సార్. చదివి పెట్టండి" అన్నాడు. జీవరాజు ఆ సమయానికి తొడుగు మెడ సన్నబడితే గుండు వేగం ఎందుకు పెరుగుతుందో పర్వతాలుకు వివరిస్తున్నాడు. వినే మనిషి దొరకడం అతనికి మూడేళ్ళలో అదే మొదలు. "చదివేదేమున్నది సార్, మీ మీద నమ్మకం లేదా" అని, మాట ఆపకుండానే మూడింటి మీదా చక్కగా, డ్రాయింగు ఆఫీసు చేతిరాతతో సంతకం పెట్టాడు.

ఆదివారం ప్రేమవిందులో ఒక్కరి పంటి కింద కూడా రాయి పడలేదు. రెండున్నరసార్లు ఏరిన బియ్యం మల్లెపూల్లా విచ్చుకుంది. పప్పుచారు రెండోసారి అడిగినవాళ్ళలో దేవానందం ఒకడు. బియ్యం ఇంత శుభ్రంగా రావడానికి కారణం కమిటీ పర్యవేక్షణేనని అతను నలుగురితో చెప్పుకున్నాడు కూడా.

సాయంత్రం నలుగురూ ఇంట్లో టీ తాగుతుండగా జీవరాజు గొంతు సవరించుకున్నాడు. "మేబెల్, నువ్వు రాజీనామా చేసెయ్. ఆ తక్లీఫ్ మనకెందుకు? పిస్తోలంటే మా నాయన గుర్తు. నేను ప్రాణమన్న ఇస్తా కానీ అది ఇయ్యను."

ఆషర్, హదస్సా తల్లి వైపు చూశారు. మేబెల్ కప్పు సాసరులో పెట్టింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"అయ్యగారికి చెప్పొచ్చిన. నేను సెక్రటరీగానే ఉంటున్న. విందు ఇంక నెలనెలా, మేమే వండుతం. ముందుగది రేపు ఖాళీ చెయ్యాలె, సమాజం గిన్నెలు వస్తున్నయి. పిస్తోలు లైసెన్సు డాడీ నిన్ననే వాపస్ ఇచ్చేసిండు."

"నేనా? నేనెప్పుడిచ్చిన?"

"మూడో కాగితం."

జీవరాజు టీ కప్పు కింద పెట్టి, డ్రాయింగులు చుట్టడానికి ముందుగదిలోకి పోయాడు. మూడేళ్ళ పరిశోధనలో గురి తప్పకుండా తగిలింది ఆ సంతకం ఒక్కటే.